పేనుబంక లెక్కలు

మే నెలలో లండన్ దాటి ఎటు వెళ్ళినా కళ్ళు చెదిరేలా కనిపించే పసుపుపచ్చని చేలను మనలో చాలామంది ఆవచేలనుకుంటారు. అవి ఆవకు దగ్గర చుట్టమైన రేప్ చేలు. 1973లో బ్రిటన్ యూరపు ఉమ్మడి మార్కెట్టులో చేరాక, సబ్సిడీల పుణ్యమా అని ఆ పంట విస్తరించింది. దాని రసం పీల్చే పురుగుకూ విందు దొరికింది. ఇంటి దగ్గర చిక్కుడు తీగకు పట్టే పేనుబంకకు ఇది దాయాది.

దీని బలమంతా సంతానంలో వుంది. 1740లో జెనీవాలో షార్ల్ బొనె అనే యువకుడు అప్పుడే పుట్టిన పేనునొకదాన్ని ఒంటరిగా పెంచి, మగదాని పొత్తు లేకుండానే అది 95 పిల్లల్ని కనడం లెక్కపెట్టాడు. పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్ల పెరుగుతూ వుంటుందట! ఇటువంటిదాని మీద మందు చల్లితే, లొంగక బతికిన నాలుగే మళ్ళీ చేను నింపుతాయి. వాటిని తినే అక్షింతల పురుగులు మాత్రం చచ్చిపోతాయి, అంత త్వరగా తిరిగి రావు.

మందుకు ముందు లెక్క కావాలని పట్టుబట్టినది హార్పెండెన్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం. 1964లో అక్కడ 40 అడుగుల ఎత్తున ఒక గొట్టం నిలబెట్టారు. అది గాలిని పీల్చి, ఎగిరే పురుగుల్ని సీసాలో పడేస్తుంది. అంత ఎత్తెందుకంటే, చేలో పేను గుంపుగా చేరుతుంది: ఒక మొక్క నిండా వేలు, పక్క మొక్క ఖాళీ. ఆ గుంపుగూడే తీరును రాయ్ టేలర్ 1961లోనే ఒక సూత్రంలో పెట్టాడు. పైగాలిలోనైతే ఎన్నో చేల పురుగు కలిసిపోతుంది గనుక ఒక్క గొట్టమే చుట్టుపక్కల ప్రాంతమంతటికీ సాక్ష్యం చెబుతుంది. పురుగుల కాలంలో రోజూ సీసా తీయాలి, సూక్ష్మదర్శిని కింద జాతులవారీగా లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పని. పాతికేళ్ళు గడిస్తే గాని దాని విలువ తెలియదు.

తెలిసినదేమంటే, రేప్‌కు వైరస్ మోసుకొచ్చే పచ్చ పేనుబంక ఈ దేశంలో చాలావరకు గుడ్డు దశ లేకుండానే చలికాలం గడుపుతుంది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి చలే దానికి యముడు. ఆ రెండు నెలల సగటు వేడి 1 డిగ్రీ పెరిగితే, అది దాదాపు రెండు వారాలు ముందుగా ఎగురుతుంది.

విత్తనానికే నియోనికోటినాయిడ్ మందు పట్టించడం వచ్చాక రైతుకు ఈ లెక్కలతో అవసరం తగ్గింది. తేనెటీగలకు హాని అని యూరపులో 2013లో రేప్ వంటి పంటలకూ, 2018లో ఆరుబయట పంటలన్నింటికీ వాటిని ఆపారు. అప్పటికే పాత పైరిత్రాయిడ్లకు పచ్చ పేను లొంగడం మానేసింది. ఇక మిగిలినవి వైరస్‌ను తట్టుకునే విత్తనాలూ, అక్షింతల పురుగులూ, ఆ గొట్టమూను. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొలిచే రేప్ మీదికి శరత్తులో ఎగిరొచ్చే పేను ఎంతో చూసుకుని, మందు చల్లాలా వద్దా అని తేల్చుకోవడానికి, గొట్టం లెక్కలు వారం వారం రైతులకు అందుతున్నాయి.