తెముకో ఎవరి ఊరు?

చిలీలోని తెముకో నాకు నెరూదా పెరిగిన ఊరుగానే తెలుసు. సభల్లో ఆ వానలనూ, రైల్వేలో పనిచేసిన తండ్రినీ చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ నేల ఎవరిదని అడగలేదు. నెరూదా మపూచే వీరులను పాడకపోలేదు, నేనే వినలేదు.

బియోబియో నదికి దక్షిణాన మపూచేల స్వతంత్రతను 1641లో స్పెయిన్ ఒప్పుకోక తప్పలేదు. రాజు గెలవలేని నేలను రిపబ్లిక్ గెలిచింది. 1881లో చిలీ సైన్యం కట్టిన కోటే తెముకో. 1883 నాటికి ఆక్రమణ ముగిసింది. భూములు వేలంలో కొన్నవారికీ, యూరప్ వలసదారులకూ పోయాయి. మపూచేలకు మిగిలినవి ముక్కచెక్కలు. దీనికి పాలకులు పెట్టిన పేరు ‘శాంతిస్థాపన’!

ఊరిపేరు మాత్రం మపూచేల భాషదే: ‘తెము’ చెట్టు, ‘కో’ నీరు. ఆ భాషలోనూ స్పానిష్‌లోనూ రాసే కవి ఎలికురా చివైలాఫ్‌కు 2020లో చిలీ జాతీయ సాహిత్య పురస్కారం దక్కింది. ఇకమీదట నెరూదా ప్రసంగాన్ని ఆయన పేరుతో మొదలుపెడదామనుకుంటున్నాను.