నేరన్యాయ పట్టా: ఆర్థిక విలువ

నేరన్యాయ పట్టా అంటే నేరశాస్త్రం, పోలీసు పరిపాలన, ఫోరెన్సిక్ సైన్స్ వంటి అంశాల్లో పొందే డిగ్రీ లేదా డిప్లొమా. దాని ఆర్థిక విలువ అది తెచ్చే ఉద్యోగం, జీతం మీద ఆధారపడుతుంది.

తెలంగాణ పోలీసు నియామకాల్లో ఈ పట్టాకు ప్రత్యేక ప్రాధాన్యం లేదు. 2022 నోటిఫికేషన్ ప్రకారం సివిల్ ఎస్సై ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా చాలు. వేతన స్కేలు రూ.42,300–1,15,270. కానిస్టేబుల్‌కు ఇంటర్మీడియట్ చాలు, స్కేలు రూ.24,280–72,850. పురుష అభ్యర్థి 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తలేకపోతే ఏ పట్టా ఉన్నా ఫలితం లేదు. పట్టా ప్రత్యేక లాభం ఇవ్వదు కాబట్టి ఎస్సై ఆశావహులు పోటీ పరీక్ష కోచింగ్‌పై ఖర్చు పెడతారు. హైదరాబాద్‌లో ఈ కోచింగ్‌కు అశోక్‌నగర్ కేంద్రం.

న్యాయపట్టా సంగతి వేరు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు ఎల్‌ఎల్‌బీ, మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి, స్కేలు రూ.54,220–1,33,630.

నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఇగ్నో దూరవిద్యలో ఈ రంగపు పీజీ డిప్లొమాలు నడిపాయి. ఇవి ప్రధానంగా ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న పోలీసు, న్యాయవాద వర్గాలకు పనికొచ్చేవి.

ఫోరెన్సిక్ శాఖకు మాత్రం గిరాకీకి చట్టబద్ధమైన ఆధారం ఏర్పడింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్, ఏడేళ్లు అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లాలని నిర్దేశిస్తుంది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది.