ఊరి వీధిలో చప్పుడు: మేళతాళాల వివాదం నుండి శబ్ద నియమాల వరకు

పొలానికి గట్టు వేయవచ్చును, ఇంటికి ప్రహరీ కట్టవచ్చును. శబ్దానికి మాత్రం హద్దురాయి పాతుట కష్టము. ఒక ఇంటిలో పుట్టిన చప్పుడు నాలుగు ఇండ్లలో వినబడును. అందుచేత మనుష్యులు గుంపులుగా కాపురముండుట నేర్చిన నాటినుండి శబ్దమును గూర్చిన తగవు, ఆ తగవును తీర్చు నియమము రెండూ ఉంటూనే వచ్చినవి. ఈ నియమాల చరిత్రను పరిశీలించినచో మూడు ప్రశ్నలు వరుసగా కనిపిస్తాయి. ఎవరి చప్పుడు? ఎక్కడి చప్పుడు? ఎంత చప్పుడు? కోస్తాంధ్రలో శాసనం మొదటి ప్రశ్నతో ప్రారంభమై, నూటనలభై ఏండ్లకు మూడవ ప్రశ్నను చేరుకున్నది. ఆ ప్రయాణం ఎట్లు సాగినదో, ఒక గ్రామానికి దానివలన ఒరిగినదేమిటో తెలుసుకొనుట అవసరం.

ఆగిరిపల్లి

నూజివీడు మామిడితోటల సీమలో ఆగిరిపల్లి పేరుపొందిన గ్రామం. శోభనాచలం కొండ, దానిపై వెలసిన వ్యాఘ్ర లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఆ ఊరికి గుర్తింపు తెచ్చినవి. రథసప్తమినాటి ఉత్సవాలకు చుట్టుప్రక్కల గ్రామాల జనం తరలివస్తారు. ఒకప్పుడు ఈ ప్రాంతం నూజివీడు జమీందారీలోనిది. కృష్ణా జిల్లాలో భాగంగా మద్రాసు రాజధాని క్రింద ఉండెడిది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. ఇట్టి గ్రామానికి శబ్దమును గూర్చిన శాసనం ఊరిలో పుట్టలేదు. మొదట మద్రాసు నుండి, పిదప హైదరాబాదు నుండి, చివరకు ఢిల్లీ నుండి వచ్చినది. వచ్చిన ప్రతి శాసనమూ ఊరిలోని డప్పును, సన్నాయిని, అజాన్‌ను, భజనను, పెండ్లి ఊరేగింపును, పిండిమరను ఒక్కొక్క రీతిగా చూచినది.

పూర్వ ధర్మశాస్త్రాలలో పొరుగు హక్కు

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ విషయాన్ని పొరుగువారి హక్కులలో భాగంగా పరిగణించినది. ఇతరులకు హాని చేయరాదు, హానికి బదులుగా హాని తలపెట్టరాదు అన్న సూత్రం దీనికి పునాది. పట్టణాలలో ముహ్తసిబ్ అను అధికారి బజారు తూకములతో పాటు వీధుల ఆక్రమణను, పొరుగువారికి కలుగు ఇబ్బందులను కూడా విచారించెడివాడు. క్రీ.శ. 1058లో మరణించిన అల్ మావర్దీ తన ‘అల్ అహ్కాముస్సుల్తానియ్య’ గ్రంథంలో ఈ హిస్బా విధులను వివరించినాడు.

శబ్దం హాని అగునా కాదా అన్న విషయంలో ధర్మశాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. పొగ, దుర్గంధం హానియే అని సులభంగా అంగీకరించిన మాలికీ పండితులలో కొందరు వట్టి చప్పుడును హానిగా లెక్కించలేదు. గోడ అదిరినప్పుడు మాత్రం దానిని హాని అన్నారు. అయితే గోడ అదిరినదని నిర్ణయించుట ఎట్లు? ట్యునిస్ నగరంలో కట్టడపు పనివాడై, న్యాయాధిపతులకు నిపుణుడుగా సలహాలిచ్చిన ఇబ్నుర్రామీ (మరణం క్రీ.శ. 1334) ఒక పరీక్షను నమోదు చేసినాడు. తిరుగలి ప్రక్కనున్న ఇంటి దూలానికి ఒక కాగితాన్ని నాలుగు మూలల దారాలతో వ్రేలాడగట్టి, దానిపై ఎండు ధనియాలు పోయవలెను. తిరుగలిని త్రిప్పినప్పుడు ధనియాలు కదలినచో తిరుగలిని తొలగించవలెను. కదలనిచో ఫిర్యాదును కొట్టివేయవలెను.

ఈ పరీక్షలో గమనించదగిన విషయమొకటి కలదు. తిరుగలి యజమాని ఏ తెగవాడు, ఫిర్యాదుదారు ఏ వర్గంవాడు అన్న ప్రశ్న దానిలో లేదు. ధనియాలకు ఎవరియందూ పక్షపాతం ఉండదు. కొలత అనునది న్యాయానికి ఎంత దగ్గరిదో ఆ కట్టడపు పనివానికి తెలుసు.

ఎవరి చప్పుడు?

ఆంగ్లేయుల పాలనలో ఈ వివాదం మరొక రూపం దాల్చినది. మద్రాసు రాజధానికి 1859లో చేసిన జిల్లా పోలీసు చట్టం (1859లోని 24వ చట్టం) ఊరేగింపులను క్రమబద్ధం చేయు అధికారంతో పాటు ఉత్సవాల సమయంలో వీధులలో వాద్యాలు ఎంతవరకు వాడవచ్చునో నిర్ణయించు అధికారాన్ని పోలీసులకు ఇచ్చినది. 1861 నాటి అఖిలభారత పోలీసు చట్టంలోని 30వ సెక్షను కూడా ఇట్టి అధికారాన్నే ఇచ్చినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ‘ప్రజాబాధ’ను నిర్వచించి, వేరు శిక్ష చెప్పని సందర్భాలలో రెండువందల రూపాయల వరకు జుల్మానా విధించవచ్చునన్నది.

కాగితంపై ఇవి సాధారణ నియమాలు. వీధిలో మాత్రం అవి మతముల మధ్య తగవులయినవి. మస్జిదు ముందు మేళతాళాలు ఆపవలెనా? ఆపినచో ఎంతసేపు? మద్రాసు రాజధానిలో సేలం పట్టణంలో 1882లో జరిగిన అల్లర్లకు ఈ ప్రశ్నయే మూలం. ఆ అల్లర్ల కేసులో నిందితుడై శిక్షపడి, పిదప హైకోర్టులో విడుదల పొందిన సి. విజయరాఘవాచార్యులు 1920లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడయినాడు. దీనినిబట్టి ఆ తగవు ఎంతటి పెద్దలను తాకినదో గ్రహించవచ్చును.

ఆ సంవత్సరాలలోనే మద్రాసు హైకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులు వెలువరించినది. 1882లో పార్థసారథి అయ్యంగారు కేసులోను, 1883లో సుందరం శెట్టి కేసులోను న్యాయమూర్తులు తేల్చిన సారాంశమిది: రహదారి అందరిది. ఏ మతస్థులైనను దానిపై ఊరేగింపు జరుపుకొనవచ్చును. అయితే అది ఇతరుల రాకపోకలకు అడ్డు కారాదు. శాంతిభద్రతలకై మేజిస్ట్రేటు ఇచ్చు న్యాయమైన ఉత్తర్వులకు లోబడవలెను. తమ ప్రార్థనామందిరంలో ఆరాధన నిరంతరం జరుగుచున్నది గనుక ఆ దారిన ఎవరూ ఎప్పుడూ వాద్యం మ్రోగించరాదని ఒక వర్గంవారు కోరజాలరు.

కృష్ణా జిల్లా ఆ హైకోర్టు పరిధిలోనిదే గనుక ఈ న్యాయం ఆగిరిపల్లి వీధులకు కూడా వర్తించినది.

ఈ తగవు కేవలం హిందూ ముస్లింల మధ్యదే అనుకొనుట పొరపాటు. ప్రీవీ కౌన్సిలు 1924లో తీర్పు చెప్పిన మంజూర్ హసన్ కేసులో ఉభయపక్షాలూ ముస్లింలే. ఉత్తరప్రదేశ్ ప్రాంతంలోని ఔరంగాబాదు అను ఊరిలో ముహర్రం ఊరేగింపు మస్జిదు సమీపంలో ఆగి మాతం జరుపుటకు షియాలు హక్కు కోరగా, సున్నీలు అభ్యంతరపెట్టినారు. ఊరేగింపునకు తగిన ఆచారాలతో రహదారిపై సాగు హక్కు కలదనీ, అది మేజిస్ట్రేటు ఉత్తర్వులకు, ఇతర ప్రజల హక్కులకు లోబడి ఉండుననీ ప్రీవీ కౌన్సిలు నిర్ణయించినది.

ఈ తీర్పులన్నింటిలో ఒక లోపం మిగిలినది. ఊరేగువారి హక్కు, ప్రార్థించువారి హక్కు చర్చకు వచ్చినవి. ఇంటిలో పడుకొనియున్న రోగి, చంటిబిడ్డ తల్లి, పగలంతా కాయకష్టం చేసి నిద్రించు కూలీ న్యాయస్థానం ముందుకు రాలేదు. వీరికి పక్షం లేదు, మేళం లేదు, వకీలు లేడు.

యంత్రం తెచ్చిన మార్పు

డప్పు కొట్టువాని చేయి అలసిపోవును, కంఠం బొంగురుపోవును. మనిషి చప్పుడుకు మనిషి శరీరమే హద్దు. ఈ హద్దును లౌడ్‌స్పీకరు తొలగించినది. నేటి లౌడ్‌స్పీకరుకు మాతృక అయిన నమూనాను అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ప్రకటించినారు. స్వల్పకాలంలోనే అది సభలకు, సినిమాలకు, ప్రార్థనామందిరాలకు చేరినది. తెలుగు గ్రామాలలో టూరింగ్ టాకీసులు ఆట మొదలు కాకముందు హారన్‌పై పాటలు వేసి జనాన్ని పిలిచెడివి.

ఉలమాలలో ఈ యంత్రం పెద్ద చర్చ రేపినది. నమాజులో ఇమాము కంఠాన్ని యంత్రం ద్వారా వినిపించవచ్చునా అన్న విషయంపై ముఫ్తీ ముహమ్మద్ షఫీ ప్రత్యేక గ్రంథమే రచించినారు. సింగపూరులోని సుల్తాన్ మస్జిదులో 1936లో లౌడ్‌స్పీకరు అమర్చబడినది. ఆకాశహర్మ్యాలు పెరిగి వివిధ మతస్థులు ఒకే భవనంలో కాపురముండు స్థితి రాగా, 1974లో అచ్చటి మస్జిదుల స్పీకర్లను లోపలివైపు త్రిప్పి, అజాన్‌ను రేడియో ద్వారా వినిపించు ఏర్పాటు చేసినారు. అజాన్ ఆగలేదు, అది చేరు మార్గం మారినది.

పంచాయతీ చేతిలోని అధికారం

స్థానిక ప్రభుత్వాలు శబ్దమును మొదట యంత్రాల వైపునుండి పట్టుకున్నవి. 1920 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం, 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వరుసగా ఈ ప్రాంతంలో అమలులోనికి వచ్చినవి. అపాయకరమైన, అసహ్యకరమైన వృత్తులకు లైసెన్సు ఇచ్చుట, మరలు నెలకొల్పుటకు అనుమతి నిచ్చుట పంచాయతీ పరిధిలోనివే. ఇండ్ల నడుమ రైసుమిల్లు పెట్టదలచినవాడు ఊరి పెద్దలను అడుగక తప్పదు. అయితే హారన్ కట్టువానిని అడుగువారు లేరు. పందిరి నాలుగు రోజులకు లేచిపోవును. మరుసటి నెల మరొక పందిరి లేచును.

ఎంత చప్పుడు?

మూడవ ప్రశ్నకు శాసనం 1987లో దారి తెరిచినది. వాయుకాలుష్య నివారణ చట్టాన్ని ఆ యేట సవరించి, శబ్దాన్ని కూడా వాయుకాలుష్య కారకంగా నిర్వచించినారు. 1989 డిసెంబరు 26న ప్రాంతాలవారీగా శబ్ద పరిమితులు ప్రకటింపబడినవి. 2000 ఫిబ్రవరి 14న శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు వెలువడినవి. వీని ప్రకారం నివాసప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. వాణిజ్యప్రాంతంలో 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. నిశ్శబ్ద మండలంలో 50, 40. రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకరు నిషిద్ధం. పగటిపూట కూడా వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. పది డెసిబెళ్ళు పెరిగినచో శబ్దశక్తి పదిరెట్లు పెరిగినట్లు. కనుక 55కు, 65కు గల భేదం స్వల్పమైనది కాదు.

అదే యేడు ఆగస్టు 30న సుప్రీంకోర్టు మద్రాసు నగరంలోని ఒక క్రైస్తవ ప్రార్థనామందిరం కేసులో తీర్పు చెప్పినది. మందిరంలోని డోళ్ళు, మైకుల చప్పుడుపై కాలనీ నివాసుల సంఘం ఫిర్యాదు చేసినది. ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థించుమని ఏ మతమూ చెప్పదని న్యాయస్థానం అభిప్రాయపడినది. 1882లో కోర్టు ముందుకు రాని ప్రక్కింటివాడు 2000లో ఫిర్యాదుదారుగా నిలిచినాడు. ఈ మార్పే ఈ చరిత్రలో ముఖ్యమైనది.

2002లో చేసిన సవరణ, సాంస్కృతిక, మతపరమైన పండుగలకై సంవత్సరానికి పదిహేను రోజులకు మించకుండ అర్ధరాత్రి వరకు మినహాయింపునిచ్చు అధికారం రాష్ట్రాలకు ఇచ్చినది. 2005 జులై 18న సుప్రీంకోర్టు విస్తృతమైన తీర్పునిచ్చి ఈ నియమాలను దేశమంతటా అమలుచేయవలెనన్నది. అత్యాచారానికి గురియైన పదమూడేండ్ల బాలిక కేకలు మైకుల హోరులో ఎవరికీ వినబడలేదన్న వార్త ఆ వ్యాజ్యానికి ప్రేరణ. శబ్దనియమం కేవలం సుఖనిద్ర కోసమే అనుకొనువారు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను. 2020 మే నెలలో అలహాబాదు హైకోర్టు, అజాన్ ఇస్లాంలో అంతర్భాగమే గాని లౌడ్‌స్పీకరు కాదని, మనిషి కంఠంతో అజాన్ పలుకుటను ఆపరాదని నిర్ణయించినది.

ఊరికి మిగిలిన ప్రశ్న

ఫజర్ అజాన్ వేళ ఆంధ్రదేశంలో ఏ ఋతువులోనైనను ఉదయం ఆరు గంటలకు పూర్వమే. రమజాను సహరీ పిలుపు అంతకంటె ముందు. ధనుర్మాసపు తిరుప్పావై, ఆలయాల సుప్రభాతం కూడ ఆ వేళవే. కనుక ఈ నియమం ఉభయులకూ సమానంగా తగులును. అజాన్ పలుకు కంఠానికి, సుప్రభాతం పాడు కంఠానికి నిషేధం లేదు, నిషేధం కొమ్ముగొట్టానికే.

అమలు సంగతి వేరు. నియమాల ప్రకారం చర్య తీసుకొను ‘అధికారి’ అనగా జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమీషనరు లేక డి.ఎస్.పి. స్థాయికి తగ్గని నియుక్తుడు. పరిమితికి పది డెసిబెళ్ళు మించినప్పుడు గాని, రాత్రి నిషేధం ఉల్లంఘింపబడినప్పుడు గాని పౌరుడు అతనికి ఫిర్యాదు చేయవచ్చును. గ్రామ పంచాయతీ ఈ వరుసలో పేరుగా లేదు. అర్ధరాత్రి హారన్ మ్రోగుచున్న ఆగిరిపల్లి ఇంటినుండి ఆ స్థాయి అధికారి దూరాన ఉండును. కొలుచు పరికరం మరింత దూరాన ఉండును. కొలత లేనిచోట మాట మిగులును. మాట మిగిలినచోట పలుకుబడి గెలుచును. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత ప్రజాబాధకు జుల్మానాను రెండువందలనుండి వేయి రూపాయలకు పెంచినది. జుల్మానా పెరిగినంత మాత్రాన కొలత దగ్గరకు రాదు.

ఇందులో ప్రమాదం వేరొకటి కలదు. నియమాన్ని ఒకరి గొట్టానికి వర్తింపజేసి, వేరొకరి గొట్టాన్ని చూడనట్లు విడిచినచో శాసనం ‘ఎంత చప్పుడు’ అన్న ప్రశ్ననుండి ‘ఎవరి చప్పుడు’ అన్న పాత ప్రశ్నకు వెనుదిరుగును. అప్పుడు డెసిబెల్ మీటరు చేతిలోనున్నను 1882 నాటి సేలం వీధిలోనే నిలిచినట్లగును. మస్జిదు కమిటీ, ఆలయ ధర్మకర్తలు, చర్చి పెద్దలు, పందిళ్ళ సప్లయర్లు పంచాయతీ కార్యాలయంలో ఒకచోట కూర్చుండి గొట్టాల సంఖ్యను, దిశను, వేళను తామే నిర్ణయించుకొనుటకు ఏ చట్టమూ అడ్డుచెప్పదు. ఇబ్నుర్రామీ పరీక్షకు కావలసినవి ఒక కాగితం, నాలుగు దారాలు, గుప్పెడు ధనియాలు. వానితో పాటు ఫలితం ఎటు వచ్చినను ఒప్పుకొను ఉభయపక్షాలు.