మాగ్నెటార్ గర్భంలో క్వార్కు జంటలు: అయస్కాంతం ఎంతవరకు కదిలించగలదు?

మామూలు అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని తన ఒంట్లోకి రానివ్వదు. న్యూట్రాన్ నక్షత్రాల నడిబొడ్డున ఉండవచ్చని ఊహిస్తున్న క్వార్కు పదార్థం కూడా అతివాహకమే అయినా, తలుపు అంత గట్టిగా మూయదు. 1998లో ఆల్ఫర్డ్, రాజగోపాల్, విల్‌చెక్ ప్రతిపాదించిన స్థితిలో అప్, డౌన్, స్ట్రేంజ్ క్వార్కులు మూడూ జంటలు కడతాయి. ఆ జంటలు మామూలు ఫోటాన్‌కు అడ్డుపడతాయి. కానీ ఫోటాన్‌లో కాస్త గ్లూవాన్ (క్వార్కుల మధ్య బలాన్ని మోసే కణం) కలిపితే వచ్చే మిశ్రమానికి మాత్రం వాటి ఆవేశం సున్నా. అందుకే క్షేత్రంలో అధికభాగం ఆ మిశ్రమ రూపంలో లోపలికి వెళ్లిపోతుంది.

జంటకు ఈ మిశ్రమం దృష్టిలో ఆవేశం లేకపోయినా, కొన్ని జంటల్లోని క్వార్కులకు ఉంటుంది: ఒకదానికి +1, రెండోదానికి -1. ఫెరర్, డి లా ఇన్సెరా, మాన్యుయెల్ 2005లో పట్టుకున్నది ఈ కొసనే. వారి లెక్కలో, క్షేత్రం చాలా బలంగా ఉంటే ఇలాంటి జంటల బంధం మరింత బిగుస్తుంది.

ఇక్కడే అంకెలు చూడాలి. అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ నక్షత్రాలైన మాగ్నెటార్ల ఉపరితలం మీద క్షేత్రం అంచనా 10¹⁴ నుంచి 10¹⁵ గాస్‌ల దాకా. 10¹⁵ గాస్‌ను ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణించి, కణశాస్త్రజ్ఞుల కొలతలోకి మార్చి వర్గమూలం తీస్తే దాదాపు 2.4 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అదే కొలతలో క్వార్కుల ఫెర్మి శక్తి, అంటే నిండిన స్థాయిల్లో అత్యధిక శక్తి, 400–500. జంటను విడదీయడానికి కావలసింది పదుల్లో ఉంటుందని అంచనా. అంటే ఉపరితల క్షేత్రం ఈ జంటలకు చీమ కుట్టినట్టు. 10¹⁸ గాస్ అయితే లెక్క 77కి చేరుతుంది, అప్పుడిక తేలిగ్గా తీసేయలేం. ఫెర్మి శక్తి 500 అయినచోట బంధం గట్టిగా బిగియాలంటే 10¹⁹ దాటాలి. నక్షత్రాన్ని గురుత్వాకర్షణే పట్టి ఉంచుతోందనుకుంటే, లోపలి క్షేత్రానికి స్థూలమైన హద్దు 10¹⁸ ప్రాంతం.

నాకు అసలు ఆసక్తి కలిగించింది మరొకటి. 2007–08లో నొరోన్యా–షొవ్‌కొవీ, ఫుకుషిమా–వారింగా విడివిడిగా చేసిన లెక్కల్లో, క్షేత్రం పెరిగేకొద్దీ జంట బంధం ఎగసిపడుతూ కనిపించింది. అలాంటి అలలు కొంతవరకు సహజమే. క్షేత్రంలో ఆవేశకణాలకు దొరికే విడివిడి శక్తి మెట్లు, అంటే లాండౌ స్థాయిలు, ఒక్కొక్కటీ ఫెర్మి ఉపరితలాన్ని దాటుతుంటే అవి రావాలి. అయితే 2015లో అలెన్, గ్రున్‌ఫెల్డ్, స్కొకోలా రెండు రకాల క్వార్కుల నమూనాలో ఇంకోటి చూపించారు. లెక్కలో వచ్చే అనంతాలను కత్తిరించే పద్ధతి క్షేత్రంతో ముడిపడి ఉంటే, ఆ కత్తెర కూడా అలలు పుట్టిస్తుంది! పద్ధతి మారిస్తే ఆ దొంగ అలలు పోయాయి. వక్రరేఖలో వచ్చిన ప్రతి మెలికకూ భౌతిక కారణం వెతికే అలవాటున్న మనబోటివాళ్లకు ఇది మంచి దెబ్బే.

సరిచూసుకుందామంటే, స్థలకాలాన్ని గడులుగా విడగొట్టి చేసే లాటిస్ లెక్కలు నక్షత్ర గర్భంలోని సాంద్రత దగ్గర గుర్తుల సమస్యతో, అంటే ధన, రుణ పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో, చతికిలబడతాయి. అందుకే బంధం బిగుస్తుందన్న ఫలితాన్ని నమూనాలు చెప్పిన మాటగానే తీసుకుంటాను.