ఏడుకు ఆరు: హాలీ సిక్కా, కల్దారు, మధ్యన మనిషి

మా నాయనమ్మకు చదువు లేదు. కాని ఏడో ఎక్కం ఆమెకు మా అందరికంటె బాగా వచ్చు. పుట్టిల్లు కృష్ణాజిల్లా జగ్గయ్యపేట, మెట్టినిల్లు హైదరాబాదు పాతనగరంలో అలియాబాదు. తాతయ్య పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. పుట్టింటికి పోయినా, పుట్టింటివాళ్ళు వచ్చినా ఆమె మొదట చూసుకొనేది మూటలోని బట్టలు కాదు, కొంగున ముడివేసిన రూపాయలు. అవి ఏ రూపాయలన్నదే ప్రశ్న. అవతల కల్దారు, యివతల హాలీ. ఒక చోటి డబ్బు రెండో చోట పరాయిది. భాష ఒక్కటే, బంధుత్వం ఒక్కటే, వంట ఒక్కటే. డబ్బు మాత్రం రెండు దేశాలది.

యీనాటి విద్యార్థులకు యీ సంగతి చెబితే వింతగా చూస్తారు. పొరుగుదేశానికి పోయి అక్కడి డబ్బు మార్చుకోవటమంటే వారికి విమానం, పాస్‌పోర్టు గుర్తుకు వస్తాయి. 1948 దాకా తెలుగువాళ్ళకు పొరుగుదేశం మునగాల దగ్గరే వుండేది. నల్లగొండ జిల్లా నడుమ మునగాల పరగణా బ్రిటిషు కృష్ణాజిల్లాకు చెందిన ద్వీపం. ఆ పరగణా పొలిమేర దాటితే కోర్టు మారేది, పోలీసు మారేవాడు, జేబులోని రూపాయి విలువ మారేది. నగరంలోనే చూడండి. పాతనగరం నుంచి మూసీ దాటి రెసిడెన్సీ బజారులో అడుగుపెడితే 1933 దాకా అది బ్రిటిషు అధికారం కింది నేల. సికిందరాబాదు దండులో జీతాలు కల్దారులో వచ్చేవి. అలియాబాదులో కాపురముండి దండులో బట్టలుతికే మనిషి రోజూ ఒక దేశంలో సంపాదించి యింకొక దేశంలో బియ్యం కొనేవాడన్నమాట.

యీ రెండు రూపాయల పేర్లలోనే కొంత చరిత్ర వుంది. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుతున్నది. కల్దారు అంటే యంత్రం మీద తయారైనది. బ్రిటిషువారి రూపాయి మరమీద వచ్చే రోజుల్లో నైజాం నాణెం యింకా సుత్తి దెబ్బతోనే తయారయ్యేది. నైజాం టంకశాల 1803లో పాతనగరంలోని సుల్తాన్‌షాహీలో వెలిసింది, 1903లో సైఫాబాదుకు మారింది. యింగ్లండు యంత్రాలు వచ్చిన తరవాత చార్మినారు బొమ్మ రూపాయి బయలుదేరింది. ఆ బొమ్మలో ద్వారం మధ్య మహబూబ్ అలీఖాన్ కాలంలో ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ‘ఐన్’ అక్షరం వుంటుంది. అప్పటికి రెండూ మరమీద చేసినవే. అయినా కల్దారు అన్న పేరు మాత్రం తెల్లవాడి రూపాయికే అంటుకొని వుండిపోయింది.

దీనికి ముందు స్థితి యింకా అధ్వాన్నం. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలలో సైతం నాణేలు పడేవి. తూకం వేరు, వన్నె వేరు. రైతు ఏ నాణెం తెచ్చినా దానికి లోపం చెప్పి వట్టం పట్టటానికి షావుకారుకు హక్కు దొరికేది. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగు యీ చిల్లర టంకశాలలను అదుపుచేసి నగరంలోని టంకశాలనే ప్రధానం చేశాడు. మన చరిత్ర పుస్తకాలు దీనిని గొప్ప సంస్కరణ అంటాయి. సంస్కరణే, కాదనను. అయితే అది రైతు కోసం వచ్చినదని అనుకొంటే పొరపాటు. వసూలైన శిస్తు ఖజానాకు చేరేలోపల కరిగిపోకుండా చేసుకోవటం ప్రభుత్వపు అవసరం.

రెండు రూపాయల నిష్పత్తి ఎక్కడినుంచి వచ్చింది? వెండినుంచి. బ్రిటిషు రూపాయి 11.66 గ్రాములు, వెయ్యికి 917 పాళ్ళ వెండి. నైజాం రూపాయి 11.18 గ్రాములు, వెయ్యికి 818 పాళ్ళు. గుణించి చూస్తే ఒకదానిలో 10.69 గ్రాముల వెండి, రెండోదానిలో 9.14. నూరు కల్దారు రూపాయలలోని వెండికి సుమారు నూటపదిహేడు హాలీ రూపాయలు కావాలి. 1893లో బ్రిటిషు ప్రభుత్వం తన టంకశాలలలో ప్రజల వెండిని స్వేచ్ఛగా నాణెంగా కొట్టివ్వటం మానేసింది. కల్దారు విలువ వెండి ధరనుంచి విడిపోయింది, హాలీ మాత్రం పడిపోతున్న వెండి ధర వెంటే పోయింది. మారకం నిలకడ తప్పింది. చివరకు స్థిరపడ్డ అధికారిక నిష్పత్తి నూరు కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైలు. సూటిగా చెప్పాలంటే ఆరు కల్దారుకు ఏడు హాలీ.

యిక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 1940లో యుద్ధపు ఒత్తిడితో బ్రిటిషు ప్రభుత్వం తన రూపాయిలో వెండిని సగానికి దించింది. నైజాం రూపాయి కూడా తరవాత అదే దారి పట్టింది. వెండి పోయింది, ఏడుకు ఆరు మాత్రం పోలేదు. ఆ నిష్పత్తి అప్పటికి లోహపు లెక్క కాదు, రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఏర్పాటు మాత్రమే.

యిప్పుడు పలక తీసుకొని నాయనమ్మ లెక్క చేద్దాం. అణాకు పన్నెండు పైలు, రూపాయికి పదహారు అణాలు. ఒక కల్దారు రూపాయి తెస్తే రూపాయి 2 అణాల 8 పైలు హాలీ రావాలి. లెక్క నిశ్శేషంగా తెగుతుంది. అదే ఒక హాలీ రూపాయి పట్టుకొని అవతలికి పోతే? 13 అణాల 8 పైలు, యింకా ఒక పైలో ఏడింట నాలుగు వంతులు. ఆ నాలుగు వంతులను ఏ టంకశాలా నాణెంగా కొట్టలేదు. ఏడు రూపాయలుంటే ఆరు సుబ్బరంగా చేతికి వస్తాయి. ఏడు లేనివాడికి ఎప్పుడూ ఒక ముక్క మిగిలిపోతుంది. ఆ ముక్క ఎవరిది? మూడు హాలీ రూపాయలకు 2 రూపాయల 9 అణాల చిల్లర రావాలి. మార్చేవాడు రెండున్నర చేతిలో పెట్టి “చిల్లర లేదమ్మా” అంటాడు. ఏడేసి రూపాయలు ఒక్కసారి చూసే యోగం కూలిమనిషికి నెలకు ఎన్నిసార్లు వుంటుంది?

యిది శేషం సంగతి. దానిపైన వట్టం వేరే. 1946లో మా నాయనమ్మ తమ్ముడు పసుపుకుంకుమలకని పది కల్దారు రూపాయలు తెచ్చాడు. న్యాయంగా 11 రూపాయల 10 అణాల 8 పైలు రావాలి. ఒక షావుకారు 11 రూపాయల 4 అణాలు యిచ్చాడు. “అక్కయ్యా, యింతే యిచ్చాడు, అడిగితే బ్యాంకుకు పొమ్మన్నాడు” అన్నాడట. హైదరాబాదు స్టేటు బ్యాంకు 1942లో పని ప్రారంభించింది, గన్‌ఫౌండ్రీలో వుండేది. అలియాబాదు యిల్లాలు పది రూపాయల కోసం గన్‌ఫౌండ్రీ బ్యాంకు మెట్లెక్కటం ఆనాటి మాట కాదు. ఆ ఆరు అణాల ఎనిమిది పైల లోటును ఆమె చనిపోయేదాకా చెప్పింది. మేము నవ్వేవాళ్ళం. మనిషి పిసినారి అనుకొన్నాం. లెక్క వేసి చూస్తే నూటికి మూడున్నర పైచిలుకు. ఏ ప్రభుత్వమూ వేయని పన్ను.

వ్యాపారి మాట వేరు. నల్లగొండ ఆముదాలు బొంబాయి చేరితే అక్కడ ధర కల్దారులో పలుకుతుంది. రైతుకు ముట్టేది హాలీలో. ఏ రోజు మార్చాలో, ఎంత మొత్తం మార్చాలో, ఎక్కడ మార్చాలో తెలిసినవాడు వర్తకుడు. రైతుకు తెలిసినది శిస్తు కిస్తీ తేదీ ఒక్కటే. హద్దు దగ్గర కరోడ్‌గిరీ నాకాలో సుంకం వసూలు చేసేవాళ్ళు కళ్ళకు కనపడతారు కనక అందరూ తిట్టారు. మారకంలో పోయినది కనపడదు. నైజాం రాజ్యపు దోపిడీని గురించి మనవాళ్ళు వెట్టిని, జాగీర్లను, దేశముఖులను గురించి వ్రాశారు. అది అవసరమే. యీ నాణేల మధ్య సందులో జారిపోయిన శ్రమను గురించి మాత్రం ఎందుకో అంతగా పట్టించుకోలేదు.

యిక్కడే ఒక జనశ్రుతిని కూడా విచారించాలి. పెళ్ళిళ్ళలో మనం యిచ్చే నూటపదహార్లు యీ మారకంనుంచే పుట్టాయని చాలామంది పెద్దలు చెబుతారు. నూరు కల్దారుకు సరిపడా హాలీ యిచ్చి గౌరవం కాపాడుకొన్నారట. వినటానికి బాగుంది. కాని అదే నిజమైతే వెయ్యికి 1,166 యివ్వాలి, మనం యిచ్చేది 1,116. పదహారు, అయిదువందల పదహారు ఎలా వచ్చాయో కూడా యీ సిద్ధాంతం చెప్పలేదు. రూపాయికి పదహారణాలన్న నిండుదనమే ఆ సంఖ్యలో వున్నదని నా అభిప్రాయం. నిష్పత్తి వచ్చి దానికి దగ్గరగా పడింది, అంతే.

1918లో నైజాం ప్రభుత్వం కాగితపు నోట్లు ప్రవేశపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువు వచ్చింది, బ్రిటిషువాళ్ళు కూడా అంతకుముందే రూపాయి నోటు వేశారు. ఆ ఉస్మానియా సిక్కా నోట్ల మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వుండేవి. అదే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో తెరుచుకొంది. కళాశాలలో ప్రవేశం దొరకని తెలుగు నోటు మీద దొరికింది. రైతు పిల్లవాడికి చదువు చెప్పవలసిన అవసరం ప్రభుత్వానికి కనపడలేదు, రైతు నోటును నమ్మవలసిన అవసరం మాత్రం కనపడింది.

1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరింది. కొద్దికాలంలోనే నైజాం ప్రభుత్వం భారత నాణెం తన రాజ్యంలో చట్టరీత్యా చెల్లదని ఆర్డినెన్సు చేసింది, పాకిస్తానుకు యిరవై కోట్ల రూపాయల అప్పు యిచ్చింది. ఒడంబడికకు యిది భంగమని ఢిల్లీ అభ్యంతరం చెప్పింది. వి.పి. మీనన్ గ్రంథంలోనూ యీ కథ రెండు ప్రభుత్వాల తగాదాగానే కనపడుతుంది. సార్వభౌమత్వం, రక్షణ, విదేశాంగం. అన్నీ పెద్ద మాటలు. ఆ ఆర్డినెన్సు మునగాల సంతలో ఎడ్లు అమ్ముకొని కల్దారుతో తిరిగివచ్చిన రైతును ఏమి చేసింది? రజాకార్ల భయంతో కృష్ణాజిల్లాకు పిల్లాపాపలతో పారిపోయినవాళ్ళ మూటల్లోని హాలీ రూపాయలను అక్కడ ఎవరు తీసుకొన్నారు, ఎంతకు తీసుకొన్నారు? కాందిశీకుడికి బేరమాడే తీరిక వుండదు. ఏడుకు ఆరు అన్న మాట శాంతికాలపు మాట.

1948 సెప్టెంబరు 17 తరవాత సమస్య ఒక్కరోజులో పోలేదు. 1950లో భారత రూపాయి హాలీ పక్కనే చెలామణిలోకి వచ్చింది, సైఫాబాదు టంకశాల భారత ప్రభుత్వపు చేతికి పోయింది. 1951లో హాలీ జారీ ఆగింది. పూర్తి రద్దు 1959దాకా పట్టింది. యీలోగా 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. కొంతకాలం పాతనగరపు కూరగాయల బండి ముందు మూడు లెక్కలు నడిచాయి: హాలీ అణాలు, భారత అణాలు, నయాపైసలు. ఏడు రూపాయల జీతం ఆరుగా మారింది, న్యాయమే. కాని ఏడు పైసల వంకాయలు ఆరు పైసలు కాలేదని మా నాయనమ్మ ఫిర్యాదు. బండివాడు అంకె మార్చలేదు, నాణెం పేరు మాత్రం మార్చాడు. మా యింటి అనుభవాన్ని రాష్ట్రం మొత్తానికి అంటగట్టను. కాని విలీనంతో ద్వంద్వ నాణేల బాధ తీరిపోయిందని ఒక్క వాక్యంలో ముగించే చరిత్రకారులూ, నిజాం కాలంలో మనకు సొంత రూపాయి వుండేదని చార్మినారు బొమ్మ చూపి గర్వపడే మిత్రులూ ఆ బండి దగ్గర ఒక పూట నిలబడివుంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

పరాయి నాణెం పట్టుకొన్న పేదవాడి కథ పాతబడినది కాదు. నేపాలు రూపాయిని 1993నుంచి నూరు భారత రూపాయలకు 160గా కట్టివుంచారు. అది అయిదుకు ఎనిమిది. కొన్నేళ్ళ కిందట నేను ఖాట్మండు వెళ్ళినప్పుడు ఒక టీకొట్టులో నూరు రూపాయల నోటు యిచ్చాను. కొట్టువాడు నోటితోనే గుణించి చిల్లర యిచ్చాడు, ఒకచోట తనవైపుకే సరిచేశాడు. నాకు కోపం రాలేదు. అక్కడ షావుకారు జేబు నాది, ఏడు లేనివాడు అతడు. 2016 నవంబరు 8 రాత్రి ఢిల్లీ అయిదువందల, వెయ్యి నోట్లను రద్దు చేసినప్పుడు మనదేశంలో కూలి చేసి యింటికి ఆ నోట్లు పట్టుకుపోయిన నేపాలీ కార్మికుల పెట్టెల్లో అవి కాగితాలైపోయాయి. మనవాళ్ళు బ్యాంకుల ముందు వరసల్లో నిలబడ్డారు. వాళ్ళకు నిలబడటానికి వరస కూడా లేదు.

నాయనమ్మ పెట్టెలో ఆమె పోయిన తరవాత పదకొండు చార్మినారు రూపాయలు, ఒక ఉస్మానియా నోటు దొరికాయి. రూపాయలను మా నాన్న గుల్జార్‌హౌజ్ దగ్గర వెండి దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణదారు నాణేల అంచులు గీచి చూసి, నాలుగు వేరు చేసి, మిగిలిన ఏడూ యుద్ధకాలపువి, వెండి సగమే అన్నాడు. నోటును ఎవరూ తీసుకోలేదు. దాని మడతలో చిన్న కాగితం ముక్క వుంది, తాతయ్య దస్తూరి. పైన 10, కింద 11-10-8, దాని కింద 11-4, గీత గీసి తేడా. ఆ కాగితం యిప్పుడు నా దగ్గర వుంది.