ఏలూరు సర్కారు: జీతములేని సైన్యము, లెక్కకురాని జనము

క్రీ.శ. 18వ శతాబ్ది మధ్యభాగమున ఉత్తర సర్కారులలో జరిగిన యుద్ధములనుగూర్చి మన చరిత్రకారులు విస్తారముగ వ్రాసియున్నారు. ఏ సేనాని గెలిచెను, ఏ జమీందారు పడెను, ఏ కోట యెవరి వశమయ్యెను అను విషయములు సుపరిచితములే. కాని యీ సేనలు నడచిన త్రోవలలో కాపురమున్న జనుల గతి యేమయ్యెనని యడిగినవా రరుదు. ఆ ప్రశ్నకు చరిత్రాధారములు చెప్పు సమాధానమును, అవి వహించు మౌనమును పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

1753వ సంవత్సరాంతమున హైదరాబాదు సుబేదారగు సలాబత్‌జంగు ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యపోషణార్థమై యిచ్చెను. దీనికి మూలకారణము సిపాయిల జీతములు. బుస్సీ వ్యాధిగ్రస్తుడై మచిలీపట్టణమున నుండగా హైదరాబాదులోని ఫ్రెంచి పటాలము జీతములందక క్రమశిక్షణ కోల్పోయెను. సుబేదారుని బొక్కసమునుండి నెలనెల ద్రవ్యము రాబట్టుట దుర్ఘటమని గ్రహించి, బుస్సీ భూమిశిస్తునే జీతములకు ఆధారముగ కోరెను. అనగా సైన్యము దేశమును రక్షించుటకుగాక, దేశము సైన్యమును పోషించుటకై యేర్పడెను. ఈ తారుమారునందే తరువాతి అనర్థములకెల్ల బీజమున్నది.

శిస్తు చేతులు మారు క్రమమును గమనింపవలెను. సేనాని జమీందారు నడుగును. జమీందారు గ్రామాధికారుల నడుగును. వారు రైతు నడుగుదురు. రైతు అడుగుటకు మరియొకడు లేడు. పైవాడు జాగుచేసిన దినములన్నియు క్రిందివానిమీద బలాత్కారముగ పరిణమించును. ఇందు ఏలూరు సర్కారుయొక్క భూస్వరూపముకూడ లెక్కింపదగినది. దక్షిణమున కొల్లేటి పల్లపునేలలు, ఉత్తరమున మెట్టభూములును అడవులును ఉండగా, ఈ రెంటినడుమ తాడేపల్లిగూడెము, భీమడోలు, ఏలూరుల వరుస గోదావరినుండి పడమరకు పోవువారికి సహజమైన త్రోవ. పెద్ద ఫిరంగులతోను ఎడ్లబండ్లతోను నడచు దండు బురదనేలను తప్పించుకొనక తప్పదు. కావున దండు వచ్చినపు డెల్ల దాని గ్రాసము, ధాన్యము, బండ్లు, కూలీల భారము ఈ వరుసలోని గ్రామములమీదనే ప్రధానముగ పడియుండునని యూహించుట అసంగతము కాదు.

ఈ యేర్పాటు ఎంతవరకు పోగలదో 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి చూపినది. విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజునకు బొబ్బిలివారితో పాతపగ యుండెను. శిస్తు వసూలునకై వచ్చిన బుస్సీ విజయరామరాజు మాటను నమ్మి కోటను ముట్టడించెను. ఫిరంగులు గోడను పడగొట్టినవి. రక్షణకు ఆశ లేదని తెలిసిన పిమ్మట రంగారావు పక్షమువారు ఇండ్లకు నిప్పంటించి, శత్రువుల చేజిక్కకుండ తమ స్త్రీలను, బిడ్డలను తామే వధించిరి. అనంతరము రంగారావును పోరాడి మడిసెను. ఒక వృద్ధుడు రంగారావు కుమారుని కాపాడి ఫ్రెంచి అధికారియగు లా యొద్దకు తెచ్చెను. కొలదిరాత్రులలోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును శిబిరమున సంహరించెను.

ఇచట నొక విచారము కలుగును. స్త్రీలను, శిశువులను చంపినది ఫ్రెంచి సిపాయి కాడు. అట్లని ఆ మరణములతో సిపాయికి సంబంధము లేదనరాదు. కోటలో ప్రవేశించు విజేతల చేతిలో స్త్రీల గతి యేమగునో ఆనాటి జనులకు తెలియును. ఆ భయమే కత్తిని ఆప్తుల చేతికిచ్చినది. క్షత్రియోచిత ప్రతిష్ఠను మాత్రమే కీర్తించుచు, ఆ భయమునకు హేతువైన సైనిక దుర్వర్తనమును విస్మరించుట న్యాయము కాదు.

ఫ్రెంచివారిపై ద్వేషముతో విజయరామరాజు వారసుడగు ఆనందగజపతిరాజు ఇంగ్లీషువారిని పిలిచెను. వంగదేశమునుండి వచ్చిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తియొద్ద కాన్‌ఫ్లాన్సును ఓడించెను. ప్రభువు మారెనుగాని విధానము మారలేదు. ఇంగ్లీషు సైన్యమునకు నెలకు 50,000 రూపాయలిత్తునన్న ఆనందరాజు ఆ ద్రవ్యమును వెంటనే ఈయలేకపోయెను. జయించినను ఫోర్డు సైన్యము వారములతరబడి కదలలేదు. 1759 ఫిబ్రవరిలో ఫోర్డు ఏలూరు చేరి, ధనము వసూలుచేయుచున్న ఆనందరాజుకొరకు వేచియుండెను. ఆ ధనము తుదకు పొలములనుండి రావలసినదేకదా!

మార్చినెలలో మచిలీపట్టణము ముట్టడి జరుగుచుండగా ఫోర్డుయొక్క ఐరోపా సిపాయిలు తిరుగబడిరి. తమకు రావలసిన సొమ్మును, కోట పడిన పిమ్మట లభించు కొల్లసొమ్మునంతయు తమకీయవలెనని పట్టుబట్టిరి. కంపెనీకి చెందవలసిన సగమునుకూడ వారికి చెందునట్లు ప్రయత్నింతునని చెప్పి ఫోర్డు వారిని శాంతింపజేసెను. దోపిడి ఇచట కొందరు దుష్టుల అపరాధము కాదు. జీతములో భాగముగ ముందే బేరమాడబడిన హక్కు.

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కోటపై దాడి జరిగెను. ఈ దాడిలో ఇంగ్లీషుపక్షమున ఐరోపావారు 22 మంది చచ్చిరి, 62 మంది గాయపడిరి. సిపాయిలు 50 మంది చచ్చిరి, 150 మంది గాయపడిరి. ఖైదీలలో ఐరోపావారు 500, ఇతరులు 2,537. కోటలోని ఫిరంగులు 120. ఈ లెక్కలను ఆ యుద్ధముల చరిత్రను వ్రాసిన రాబర్ట్ ఆర్మ్ భద్రపరచెను. ఐరోపా అధికారులకు పేరు కలదు. సిపాయికి పేరు లేకున్నను సంఖ్య కలదు. ఫిరంగికిని సంఖ్య కలదు. ఈ పట్టికలో ఊరిజనులకు పేరును లేదు, సంఖ్యయు లేదు. జీతగాడు లెక్కకు వచ్చును, కొల్లసొమ్ము లెక్కకు వచ్చును, కొల్లపోయినవాడు రాడు.

సిపాయి యెవడనునదియు ఆలోచింపదగినది. దక్షిణమునుండి క్లైవు వెంట వంగదేశమునకు పోయిన సిపాయిలనుబట్టి ఆ దేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరే రూఢమయ్యెను. దోచుకొనబడిన దేశముపేరే దోచుకొను వృత్తికి పేరగుట చరిత్రలోని కఠోరమైన వైచిత్రి.

మన సాహిత్యము ఈ లోపమును కొంత పూరించినది. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ను, జనుల నాలుకలపై నిలిచిన బొబ్బిలి కథయు లేకున్నచో ఆ దుఃఖము సేనల లెక్కలలో కలిసిపోయెడిది. కాని కావ్యమును కోరునది నాయకుని. బొబ్బిలికి రంగారావు, పాపారాయుడు ఉండిరి. ఏలూరు సర్కారు గ్రామములలో ధాన్యము పోగొట్టుకొన్న రైతునకు కావ్యనాయకత్వ యోగ్యత యెవరును ఈయలేదు.

1759 మే 14వ తేదీ సంధివలన సలాబత్‌జంగు మచిలీపట్టణ ప్రాంతమును ఇంగ్లీషువారికిచ్చెను. 1766 నాటి సంధితో ఉత్తర సర్కారులపై కంపెనీ అధికారము స్థిరపడెను. యుద్ధకాలమున పౌరుల రక్షణకై ప్రత్యేకముగ నొక అంతర్జాతీయ ఒడంబడిక జెనీవాలో 1949వ సంవత్సరమునకు గాని యేర్పడలేదు. దోపిడిని నిషేధించు నియమము అందు స్పష్టముగ కలదు. నియమము కలిగినంతమాత్రమున నేరము నశింపదు. కాని నేరమును నేరమని పిలుచుటకు అధికారమేర్పడును. 1759లో ఆ మాటయే లేదు. కావున ఆ కాలపు యుద్ధచరిత్రను చదువువారు చచ్చిన సిపాయిల సంఖ్యవద్ద ఆగక, ఆ సిపాయి తిన్న అన్నము ఏ గాదెనుండి వచ్చెనని యడుగుట విధి. ఆ ప్రశ్నతోనే మన దేశచరిత్ర సేనానుల చరిత్రకాక ప్రజల చరిత్ర కాగలదు.