కరెంటు పెట్టించుకునే రోజులు

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955లో క్యాన్సర్ ఆసుపత్రి వెలిసింది. ఆ తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరుగా వెళ్లిన మెహదీ నవాజ్ జంగ్ పేరే దానికి స్థిరపడింది. జనం నోట ఎమ్మెన్జే. ఇలాంటి ఆసుపత్రుల చరిత్ర రాసేవాళ్లు ఏ యంత్రం ఏ ఏడు వచ్చిందో రాస్తారు. రొమ్ము క్యాన్సర్‌తో పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి లెక్క వేరు: ఇల్లు వదిలి ఎన్నాళ్లుండాలి?

పాత పద్ధతిలో ఆపరేషన్ అయ్యాక కరెంటు, అంటే రేడియేషన్, 25 విడతలు పెట్టేవారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, మొత్తం ఐదు వారాలు. యంత్రం కింద పడుకునేది కాసేపే. దానికోసం నెల పైచిలుకు పట్నంలో బస వెతుక్కోవాలి. తోడొచ్చిన భర్తకో కూతురికో రోజు కూలి పోతుంది. ఇంటి దగ్గర గేదెకు మేత వేసేదెవరు? ఛాతీ మీద సిరాతో గీసిన గుర్తులు చెరిగిపోతాయేమోనని ఒంటినిండా నీళ్లు పోసుకోవడానికీ జంకే. నాట్లు మొదలయ్యాయని సగంలో ఊరెళ్లిపోతే అది నిర్లక్ష్యమనడం తేలికే గానీ, న్యాయం కాదు.

1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడ, తనకు రొమ్ము తీసేశాక, అదే ఆపరేషన్ అయిన ఆడవాళ్లను పలకరించడం మొదలుపెట్టారు. చెయ్యి పైకి లేచేందుకు కసరత్తుకి బంతీ తాడూ, రవిక లోపలికి మెత్తా ఇచ్చేవారు. మన పల్లెల్లోనూ ఆ అవసరం ఉంది. కాకపోతే ఇక్కడ దానికన్నా ముందు బస్సు ఛార్జీల గొడవ.

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆపరేషన్, కీమో, రేడియేషన్ బిల్లుల భయం చాలావరకు తగ్గింది. పోయిన కూలి మాటేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో వచ్చిన ఆరోగ్య ఆసరా పథకం దాన్ని కొంత పట్టించుకుంది: ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా.

బసకు అసలు ఊరట ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 25 విడతల పని 15 విడతలతో, మూడు వారాల్లో అవుతుందని 2008లో అక్కడి పరీక్షల్లో తేలింది. 2020 నాటికి చాలామందికి ఒక్క వారంలో ఐదు విడతలైనా సరిపోతాయన్నారు. మన కూలిజనాన్ని తలచుకుని చేసిన పరిశోధనలేమీ కావవి.

దూరం తగ్గించడం రెండో దారి. 2014లో టాటా మెమోరియల్ వాళ్లు విశాఖ శివారు అగనంపూడిలో ఆసుపత్రి తెరిచారు. అనకాపల్లి చుట్టుపక్కలవాళ్లు అక్కడ చూపించుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పాడేరు కొండలవాళ్లకు మాత్రం బస వెతుకులాట ఇంకా తప్పడం లేదు.